ధర్మవరంలో ఓడినవాడు, హిందూపురంలో చాంపియన్

మా నాయనకు జోస్యం చెప్పే అలవాటు ఉండేది. ఎవరూ అడిగేవారు కాదు, అయినా చెప్పేవాడు. ఈ ఏడు శెనక్కాయలకు మంచి ధర పలుకుతుందన్నాడంటే ఆ ఏడు మార్కెట్ యార్డులో మూటల మీద కుక్కలు పడుకునేవి. వానలు దంచికొడతాయంటే పెన్నేటి ఇసుకలో కాలు పెట్టలేనంత ఎండ కాసేది. ఎన్నికలప్పుడు ఏదైనా పార్టీ గెలుస్తుందని ఆయన నోరు జారితే, ఆ పార్టీవాళ్లు మా దుకాణం ముందు ఆగి, "ఏమన్నా, మేమేం అన్యాయం చేసినామని మా పేరెత్తినావు?" అని అడిగి పోయేవారు. తప్పు చెప్పడంలో కూడా ఒక నిలకడ ఉంటుంది. అది మా నాయనకు పుష్కలంగా ఉండేది.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగు, శుక్రవారం మసీదు, మిగిలిన రోజులన్నీ దూది. హిందూపురంలో మార్కెట్ వెనక సందులో మా దుకాణం. ముందు గదిలో పరుపులు, దిండ్లు. వెనక రేకుల షెడ్డులో దూది ఏకే మిషన్. పాత పరుపులు గడ్డలు కట్టాయని జనం తెచ్చిస్తే, వాటిని విప్పి, ఆ దూదిని మిషన్‌లో వేసి పొంగించి, మళ్లీ కుట్టి ఇవ్వడం మా పని. పెళ్లిళ్ల కాలంలో కొత్త పరుపులకు గిరాకీ ఉండేది. మిషన్ తిరుగుతున్నంతసేపూ షెడ్డులో తెల్లటి దుమ్ము లేచేది. నాయన బయటికి వచ్చేసరికి కనురెప్పలు, మీసం, చెవుల మీద వెంట్రుకలు అన్నీ నెరిసిపోయి ఉండేవి. పడుచు వయసులోనే ఆయన్ను తాతా అని పిలిచి పక్కకు జరిగి దారి ఇచ్చినవాళ్లున్నారు.

ఆయన జోస్యాలన్నింటిలోకి పెద్దది ఫోమ్ పరుపుల మీద చెప్పింది. తొంభైల్లో మా వీధి చివర మొదటి ఫోమ్ దుకాణం తెరిచిన రోజు, అక్కడికి పోయి ఒక పరుపును బొటనవేలితో నొక్కి చూసి, "ఇది పరుపు కాదప్పా, రొట్టె. రెండేండ్లు చూడు. జనం నడుములు పట్టుకోని మల్లా మన దూది కాడికే వస్తారు" అన్నాడు. రెండేళ్లకు ఆ దుకాణంవాడు పక్క గది కూడా తీసుకున్నాడు. ఇంకో రెండేళ్లకు మేడ కట్టాడు. నాయన మాత్రం గడువు పొడిగిస్తూ పోయాడు.

కొట్లాటల మీద జోస్యాలు కేబుల్ వచ్చాక మొదలయ్యాయి. మొదట్లో టీవీలో కుస్తీ వచ్చేది. మెరిసే చెడ్డీలు, పొడుగు జుట్లు, కుర్చీలతో కొట్టుకోవడం. నాయన ముఖం చూసి మనిషిని ఎంచుకునేవాడు. ఎవడు న్యాయంగా కొట్లాడతాడో వాడే గెలుస్తాడని ఆయన లెక్క. న్యాయంగా కొట్లాడేవాడికి వెనక నుంచి కుర్చీ దెబ్బ పడేది, దాంతోపాటు మా నాయన లెక్కా పడిపోయేది. చివరికి చదువుకున్నవాడొకడు వచ్చి, అదంతా నాటకమని, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని చెప్పాడు. నాయన చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. "ముందే రాసుకున్యాంక నన్నేంటికి అడిగినారు?" అన్నాడు. ఆయన్ను ఎవరూ అడగలేదని గుర్తుచేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక బోను కొట్లాట వచ్చింది. పేపర్లలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని రాస్తారు గానీ మా వీధిలో అంత పేరుకు నోరు తిరిగేది కాదు. ఎనిమిది మూలల కంచె బోను, అందులో ఇద్దరు. గుద్దుకోవచ్చు, తన్నుకోవచ్చు, కింద పడేసి మెడ నొక్కవచ్చు. నెత్తురు నిజం నెత్తురే. గెలిచి చాంపియన్ అయినవాడి నడుముకు పళ్లెమంత బిళ్ల ఉన్న బెల్టు కడతారు. ఇంకెవడో వచ్చి ఓడించేదాకా ఆ బెల్టు వాడిది. పైగా కేజీల లెక్కన వేరువేరు చాంపియన్లు. ఇది నాయనకు బాగా నచ్చింది. "పద్ధతంటే ఇదీ. మన దూది మాదిరి తూకమేసి పంపిస్తాండారు" అన్నాడు.

వీటిని మా ఊరికి చూపించిన పుణ్యం కేబులాయనది. బెంగళూరు ఫుట్‌పాత్ మీద సీడీలు కొనుక్కొచ్చేవాడు, కొన్ని చుట్టుపక్కల ఊళ్ల కేబులోళ్లతో మార్చుకునేవాడు, ఆదివారం మధ్యాహ్నం తన సొంత చానల్లో వేసేవాడు. ఆ సీడీల మీద పేరుండేది కాదు, తేదీ ఉండేది కాదు. ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. అందులో ఇంగ్లీషులో అరిచేది మాకెవరికీ అంతుబట్టేది కాదు. కాబట్టి ఆదివారం టీవీలో ఏది కనపడితే అదే ఆ రోజు జరిగిన కొట్లాట, ఎవరు గెలిస్తే వాడే ప్రపంచ చాంపియన్. మిగతా ప్రపంచం ఏమనుకుంటోందో మేం పట్టించుకోలేదు. అదీ మమ్మల్ని పట్టించుకోలేదు కాబట్టి చెల్లుకు చెల్లు.

పేర్లు కూడా మేమే పెట్టుకున్నాం. నున్నటి గుండు, మెడ ఉందో లేదో తెలియని మనిషి ఒకడుండేవాడు. బెల్టు వాడిదే కాబట్టి మర్యాదగా గుండాయన అనేవాళ్లం. ఓడేవాళ్లకు అంత మర్యాద లేదు, పొట్టోడు, వంకరముక్కోడు అంటే సరిపోయేది.

శనివారం సాయంత్రం మా దుకాణం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర సభ జరిగేది. రేపు ఎవరు గెలుస్తారు, గుండాయన బెల్టు ఎన్నాళ్లుంటుంది, తక్కువ కేజీలవాళ్లలో ఎవడు పైకొస్తాడు. ఉగాదినాడు పంచాంగం వినడానికి కూడా అంతమంది చేరేవారు కాదు. అందరూ చెప్పాక నాయన టీ గ్లాసు కింద పెట్టి తన మాట చెప్పేవాడు. విచిత్రం ఏమిటంటే, ఆ మాట నిజమయ్యేది. ఒకసారి అయితే గాలివాటం అనుకున్నాం. వరసగా అవుతూ పోయింది. వంకరముక్కోడు రెండో రౌండులో పడతాడంటే రెండో రౌండులోనే పడేవాడు.

జీవితమంతా వాన పడుతుందని చెప్పి గొడుగులవాళ్ల పొట్టకొట్టిన మనిషికి హఠాత్తుగా దివ్యదృష్టి వచ్చింది. జనానికి అంత చాలు. మాంసం కొట్టాయన నాయనకు మెత్తటి ముక్కలు ఏరి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆమడగూరు నుంచి పాత పరుపులు తెచ్చిన రైతు, పరుపు సంగతి మర్చిపోయి, గొర్రెలను ఎప్పుడు అమ్మితే మంచిదని అడిగాడు. నాయన కళ్లు మూసుకుని ఆలోచించి చెప్పాడు. ఆ రైతు మళ్లీ మా దుకాణం వైపు రాలేదు. కొట్లాటల వరకే దివ్యదృష్టి, గొర్రెలకు వర్తించదు.

ఇది మా ఇంటికి తెచ్చిన కష్టం వేరే ఉంది. ఆ ఎండాకాలంలో నాయనకు దగ్గు బాగా ముదిరింది. నేను బలవంతం చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, మిషన్ ఇప్పుడే ఆపేయాలని, ఆపకపోతే కొన్నాళ్లకు మెట్లెక్కడం కూడా కష్టమవుతుందని చెప్పాడు. నాయన శ్రద్ధగా విన్నాడు. బయటికి వచ్చాక, "ఈయప్పకు జోస్యం సరిగా రాదు" అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే పని. మిషన్ ఆపు నాయనా, ఫోమ్ కంపెనీ ఏజెన్సీ తీసుకుందాం, నువ్వు కుర్చీలో కూర్చో చాలు అని బతిమిలాడటం. పొద్దున బతిమిలాడాను, అన్నం దగ్గర బతిమిలాడాను, బంధువుల చేత బతిమిలాడించాను. ఆయన దగ్గర ఇప్పుడు కొత్త జవాబు ఉంది. "ఊరంతా నా మాట నిజమయితాదంటాంటే, ఇంట్లో నీకే నమ్మకం లేకపాయ. ఫోమ్ పోతాది. నేను చెప్తాండా కదా." టీ కొట్టు దగ్గర సంపాదించిన పేరును తెచ్చి పరుపుల మీద పెట్టుబడి పెట్టాడన్న మాట. ఎక్కడో బోనులో గుండాయన గుద్దే ప్రతి గుద్దుకూ మా ఇంట్లో మిషన్ ఇంకో వారం తిరిగేది.

మా అమ్మ కొట్లాటలు చూసేది కాదు. ఒక్కసారి మాత్రం వంటింట్లో నుంచి, "ఇంట్లో మనిషి ఊపిరాడక దగ్గుతాంటే, యాడనో ఎవడో గుండోడు గెలిస్తే ఈయప్పకేమొస్తాది?" అంది.

వానలు వెనకబట్టి చలి మొదలవుతున్న రోజుల్లో ధర్మవరం నుంచి పెళ్లి పరుపులకు ఆర్డరు వచ్చింది. ధర్మవరం వైపు సరుకు నేను వేసేవాణ్ణి, పెనుకొండ వైపు నాయన చూసుకునేవాడు. పెనుకొండలో మా అక్కను ఇచ్చాం కాబట్టి ఆయనకు అక్కడ పరుపులతోపాటు మనవళ్ల పని కూడా ఉండేది. నేను టెంపోలో పరుపులు దించేసి మా మేనమామ ఇంటికి పోయాను. మామ పట్టుచీరలు మడత పెట్టి అట్టపెట్టెల్లో సర్దే పని చేసేవాడు. నేను పోయేసరికి మడతలు పక్కన పెట్టి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. టీవీలో గుండాయన బెల్టు కట్టుకుని బోనులోకి వస్తున్నాడు. ఎదురుగా పచ్చ చెడ్డీ వేసుకున్న పొడుగాటి మనిషి. వాణ్ణి నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కొంతసేపటికి ఆ పచ్చ చెడ్డీవాడు గుండాయన మెడ పట్టాడు. లేని మెడను ఎలా పట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు. గుండాయన కాళ్లు వేలాడేశాడు. బెల్టు చేయి మారింది.

"ఇదేంది మామా, మా ఊర్లో గుండాయనే చాంపియన్ కదా" అన్నాను.

మామ నన్ను జాలిగా చూశాడు. "మీ ఊరికి వార్తలు ఎద్దులబండి మీద వస్తాండాయా? ఈడ గుండోని పని ఎప్పుడో అయిపాయె. ఇది రెండోసారి ఏస్తాండారు."

ఆ మాటతో నా తలలో దీపం వెలిగింది. ఒక్కో ఊరి కేబులాయన ఒక్కో వరసలో సీడీలు వేస్తున్నాడు. కాబట్టి ఒక్కో ఊరికి ఒక్కో చాంపియన్. ధర్మవరంలో ఆగిపోయినవాడి ఆట హిందూపురంలో ఇంకా నడుస్తోంది. మనిషి భవిష్యత్తు తెలుసుకోవడానికి హిమాలయాలకు పోతారు గానీ, అది ధర్మవరం ప్యాసింజరు ఎక్కితే కనపడుతుందని ఎవరికీ తెలియలేదు.

తిరిగి వస్తూ పెనుకొండలో దిగాను. అక్క పెట్టిన అన్నం తింటూ మా బావను అడిగాను, "ఈడ చాంపియన్ ఎవురు బావా?" అని. "గుండాయనే కదప్పా" అన్నాడు బావ. తర్వాత మజ్జిగ పోసుకుంటూ, "మీ నాయన ఈడికొస్తే ఆదివారం కొట్లాట చూడకుండా పొయ్యేదే లేదు. పిల్లోళ్లను కూడా పక్కకు తోసి ముందర కూర్చుంటాడు" అన్నాడు. దివ్యదృష్టి దొరికింది. అది మా అక్క ఇంట్లో, టీవీ ముందు, చాప మీద ఉంది. నాయన పెనుకొండలో ఆదివారం చూసి, హిందూపురంలో శనివారం జోస్యం చెబుతున్నాడు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. సంతోషం వేసింది. నాయన చూసింది పెనుకొండ దాకా, నేను చూసింది ధర్మవరం దాకా. ఆయన కంటే నేను ఒక ఊరు ముందున్నాను. ఇంత తెలివి నాకు ఉన్నందుకు రైలు కిటికీలో నా మొహం నేనే చూసుకున్నాను.

ఆ శనివారం టీ కొట్టు దగ్గర అందరి ముందూ నోరు విప్పాను. "గుండాయన పనైపోయింది నాయనా. పచ్చ చెడ్డీవాడొకడుండాడు. వానితో కొట్లాడినప్పుడు మెడ దొరికి బెల్టు పోతాది."

సభ నవ్వింది. పచ్చ చెడ్డీవాణ్ణి మా ఊళ్లో ఎవరూ చూసి ఉండలేదు. నాయన మాత్రం నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "పచ్చ చెడ్డీ చేతిలోనా?" అని మెల్లగా అడిగాడు.

"ఆ. పందెం."

దుడ్లు పెట్టి ఆడే ఇల్లు కాదు మాది. పందెం ఇదీ: గుండాయన ఓడితే నాయన మిషన్ ఆపేయాలి, దుకాణంలోకి ఫోమ్ రావాలి. గుండాయన గెలిస్తే నేను మళ్లీ ఎప్పుడూ ఫోమ్ పేరెత్తకూడదు, ఆయన ఊపిరి సంగతి అడగకూడదు. టీ కొట్టాయన సాక్షి. నాయన నా చేతిలో చెయ్యి వేశాడు. అరచేతికి అంటుకున్న దూది నూగు నా చేతికి అంటుకుంది. ఆ క్షణం నేను సంతోషంగా ఉన్నాను. మా నాయన ఊపిరిని నేను గెలిచి తెచ్చేసుకున్నాననే అనుకున్నాను.

విధి కూడా నా వైపే ఉన్నట్టు కనపడింది. రెండు రోజులకే కేబులాయన చానల్ అడుగున అక్షరాలు పరిగెత్తించాడు. వచ్చే ఆదివారం, గుండాయనకూ పచ్చ చెడ్డీకీ, బెల్టు కోసం. అంత తొందరగా ఎలా కుదిరిందని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తెలివైనవాళ్లు ఇలాంటి చిన్న విషయాలు ఆలోచించరు.

ఆదివారం టీ కొట్టాయన టీవీని గల్లాపెట్టె మీదికి ఎక్కించాడు. బత్తలపల్లి నుంచి పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన మొగుడూపెళ్లాలు కూడా బండి దిగి నిలబడ్డారు. నాయన బెంచీ చివర తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ఆట తెలిసినవాడిలా గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మెడ ఎప్పుడు పట్టుకుంటాడో కూడా నాకు తెలుసు కదా.

మొదటి రౌండులో మెడ పట్టలేదు. రెండో రౌండులో పట్టబోయి జారిపోయాడు. పరవాలేదు, మూడోదానిలో పడతాడు అనుకున్నాను. మూడో రౌండులో గుండాయన కుడి చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. పచ్చ చెడ్డీవాడు నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెనక్కి పడ్డాడు. నేను వాడు లేవడం కోసం ఎదురుచూశాను. ధర్మవరంలో గెలిచినవాడు హిందూపురంలో ఎందుకు లేవడం లేదో నాకు అర్థం కాలేదు. గుండాయన నడుముకు మళ్లీ బెల్టు కట్టారు. సభ మొత్తం లేచి నాయన చుట్టూ మూగింది. ఎవరో ఆయన చేతిలోని తువ్వాలు తీసి తిప్పారు.

పోయింది పరువు అయితే దులుపుకుని ఇంటికి పోయేవాణ్ణి. ఆయన ఊపిరి సంగతి ఇక అడగకూడదని నేనే ఒప్పుకున్నాను. అందరి ముందూ, నా నోటితో.

నాయన దగ్గు తెర ఆగేదాకా ఆగి, రెండు గుక్కలు టీ తాగి, అందరూ వినేలా అన్నాడు. "రేపట్నుంచి మిషన్ ఆపేస్తాండా. ఒరేయ్, ఆ ఫోమ్ కంపెనీవాళ్లకు ఫోన్ చెయ్యి."

ఎవరికీ అర్థం కాలేదు. టీ కొట్టాయన, "ఏమప్పా, గెలిచింది నువ్వే కదా" అన్నాడు.

"గెలిచినోని ఇష్టం" అన్నాడు నాయన.

మరుసటి రోజు నిజంగానే మిషన్ తిరగలేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు లేక అమ్మ రెండుసార్లు షెడ్డులోకి వచ్చి చూసి పోయింది. నేను కేబులాయన దగ్గరికి వెళ్లాను. ఆ సీడీ ఒకసారి చూపించమని, అందులో ఏదో మోసం ఉందని, గుండాయన ఓడటం నా కళ్లతో చూశానని చెప్పాను.

కేబులాయన చల్లగా చెప్పాడు. "వాళ్లిద్దరూ రెండుసార్లు కొట్లాడినారు కదప్పా. మొదటిసారి గుండాయన గెలిచినాడు, రెండోసారి ఓడినాడు. నువ్వు చూసింది రెండోది. ఈ మొదటిదాన్ని ఎండాకాలంలోనే పెనుకొండ నుంచి మీ నాయనే తెచ్చిచ్చె. ఇప్పుడే ఎయ్యొద్దు, నేను చెప్పినప్పుడు ఎయ్యి అన్యాడు. మీరు పందెం కట్టిన శనివారం సాయంత్రం వచ్చి, ఇంక ఎయ్యమన్యాడు."

పెనుకొండలో బావను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. గుండాయన ఎవరిని ఓడించి చాంపియన్‌గా ఉన్నాడని. మజ్జిగ అన్నం తొందరలో అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయన ఆగిపోయిన మిషన్ పక్కన కూర్చుని దాని పళ్ల మధ్య ఇరుక్కున్న దూదిని దబ్బనంతో తీస్తున్నాడు. ఇక తిప్పని మిషన్‌ను ఎందుకు శుభ్రం చేస్తున్నావని అడగలేదు. "నువ్వు ముందే చూసి పందెం కట్టినావు" అన్నాను.

"నువ్వు చూడకుండా కట్టినావా?" అన్నాడు తలెత్తకుండా. "ధర్మవరం నుంచి వస్తూనే పచ్చ చెడ్డీ అన్యావు. ఈ ఊర్లో వాని మొగం చూసినోడు ఎవడుండాడు? ఆడ రెండోది చూసినావని అప్పుడే తెలిసిపాయ."

"సరే. గెలిచినావు కదా. మరి ఏంటికి ఆపినావు?"

దబ్బనం పక్కన పెట్టాడు. "ఆపాలని నాకు తెలీదా? డాక్టరు చెప్పకముందే తెలుసు. నా ఎద నాకు తెలీదా? కానీ ఓడి ఆపితే, రోగమొచ్చి ఆపినాడంటారు. గెలిచి ఆపితే, ఇష్టమొచ్చి ఆపినాడంటారు. ఆ గుండోన్ని చూడు. మొదటిసారి గెలిచిన దినమే బెల్టు పెట్టేసి ఇంటికి పొయ్యింటే రెండోసారి వాని మెడ ఎవురు పడతాండిరి?"

"అయితే ఎండాకాలంలోనే ఆ సీడీ వేయించి, గెలిచి, అప్పుడే ఆపింటే పోయేది కదా నాయనా. ఇన్ని నెలలు ఏంటికి?"

ఆయన దబ్బనం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "నువ్వు పందెం కడతావని చూస్తి. నువ్వు దినామూ బతిమిలాడేదే గానీ ఒక్కనాడూ పందెం కట్టకపోతివి. కొడుకు ఏడుస్తా బతిమిలాడుతాంటే ఎట్ల ఆపేది రా? అది ఓడిపొయ్యేదే కదా" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద మండింది, నా మీద మండింది, ఆ గుండు వెధవ మీద కూడా మండింది. ఎండాకాలం, వానాకాలం రెండూ ఆయన ఆ షెడ్డులో దుమ్ము మింగుతూ నేను ఎదురు తిరగడం కోసం కాచుకుని ఉన్నాడు. నేను ముందు గదిలో నిలబడి అంత వినయంగా బతిమిలాడుతూ ఉన్నాను.

ఫోమ్ వచ్చింది. నాయన కుర్చీలో కూర్చున్నాడు. కొన్నాళ్లకు డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాను. డాక్టరు కొత్త ఫిల్మునూ పాత ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మిషన్ ఎప్పుడు ఆపారని అడిగాడు. చలికాలంలో అని చెప్పాను.

"నేను ఎండాకాలంలోనే చెప్పాను కదా. అప్పుడే ఆపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పోయింది ఇక తిరిగి రాదు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

నాయన నా వైపు చూశాడు. జవాబు నేనే చెప్పాలన్నట్టు. ఆయన్ను అక్కడే కడిగేయాలనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "పెద్ద ఫైటు ఒకటి ఉండె సార్. అది గెలిచి ఆపినాడు."

డాక్టరుకు అర్థం కాలేదు. మందులు రాసుకుంటూ పోయాడు. నాయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, బాగా చెప్పావన్నట్టు నాకేసి తల ఊపాడు.